ఎక్కడికమ్మా ఈ నడక?

"వ్యాయామమా? అబ్బే, మహా విసుగండీ!" ఈ మాట అననివాళ్లు మనలో ఎంతమంది? నేనూ అన్నాను. షుగరు హద్దు మీద ఉందని, రోజూ వేగంగా నడవమని డాక్టరుగారు చెప్పగానే మావారు ఎక్సర్‌సైజు సైకిలు కొనుక్కొచ్చారు. వారం రోజులు గోడనీ, గడియారాన్నీ చూస్తూ తొక్కాను. ఎనిమిదో రోజు నుంచి దానిమీద తువ్వాళ్లు ఆరేస్తున్నాను.

పోనీ, రోడ్డుమీద నడుద్దామంటే ఇంకో చిక్కు. మగవాళ్లు నడిస్తే దాన్ని వాకింగ్ అంటారు. అదే ఆడది చేతిలో సంచీ లేకుండా నడిస్తే మా కాశీబుగ్గలో నలుగురైనా ఆపుతారు, "ఎక్కడికమ్మా?" అంటూ. "ఊరికే" అనడానికి నాకు నోరు రాలేదు.

"రోజల్లా పనే కదమ్మా, మళ్లీ ఇదేటి?" అంది మా వీధిలో జీడిపప్పు పొట్టు తీసే అక్క. గబగబా ఇల్లు తుడవడం, నీళ్లు మోయడం వ్యాయామంలోకే వస్తాయి. కానీ పలాసలో వందలమంది ఆడవాళ్లు చేసే ఈ పని గంటల తరబడి కూచుని చేసేది. నడుము, మెడ అలిసిపోతాయే తప్ప గుండెకు కావలసిన కదలిక దొరకదు.

ఎంత చేస్తే చాలు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలి. అంటే రోజుకి అరగంట చొప్పున అయిదు రోజులు. ఒక్కసారే చేయనక్కర్లేదు, అయిదేసి నిమిషాలు కలుపుకున్నా లెక్కే. వేగం సరిపోయిందా అంటారా? నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే కొలత.

మాట్లాడాలంటే తోడు ఉండాలి కదా! నా విసుగుకి మందు అక్కడే దొరికింది. "నడకకి రావొద్దు, కబుర్లకి రా" అని పక్కింటి వదినను పిలిచాను. ఇంకో పిన్నిగారు కలిశారు. నేను కథలు రాస్తానుగా! రోజుకి కాస్త చెప్పి, మంచి పట్టులో ఆపేస్తాను. తరువాయి భాగం మర్నాటి నడకలోనే. ఇప్పుడు తెల్లవారేసరికి వాళ్లే తలుపు తడుతున్నారు.

మీరూ ఇలా చేసి చూడండి

* నడకకి ఒక గమ్యం పెట్టుకోండి. టెక్కలి వాళ్లకు రావివలస ఎండల మల్లన్న గుడి ఉంది, శీతాకాలంలో తేలినీలాపురం కొంగలున్నాయి. దూరమనిపిస్తే కొంత దారి ఆటోలో వెళ్లండి.

* ఆదివారం పిల్లలతో అక్కుపల్లి శివసాగర్ తీరానికి వెళ్లండి. పొడి ఇసకలో నడక కష్టం, పది నిమిషాలకే ఆయాసం వస్తుంది. అలవాటయ్యేదాకా తడి ఇసక మీదే నడవండి.

* వానరోజున ఇంట్లోనే పాటలు పెట్టుకుని కోలాటం వేయండి. మోకాళ్లు బాగుంటే పిల్లలతో తాడాట, తొక్కుడుబిళ్ల ఆడండి.

* ఇష్టమైన పాటలు, కబుర్లు నడకకే దాచుకోండి.

ఒక్క జాగ్రత్త. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో బాధపడే కుటుంబాలు ఎన్నో. ఆ జబ్బు, గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు ముందు డాక్టరుని అడగాలి. నీళ్లు ఎంత తాగాలో కూడా ఆయన్నే అడగండి. ఎండపొద్దున ఎవరూ నడవొద్దు. గుండెల్లో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆగి వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

మొన్న మళ్లీ ఎవరో అడిగారు, "ఎక్కడికమ్మా, ముగ్గురూ?" అని. ఈసారి తడుముకోలేదు. "ఎక్కడికీ లేదు, మాకోసం నడుస్తున్నాం" అన్నాను. చూస్తే జీడిపప్పు అక్క! కొంగు బిగించి, "మరి నన్ను పిలవలేదేటి?" అంది.

ఇప్పుడు మేం నలుగురం.