మీకు తెలుసా? గుఱ్ఱము రౌతుది, కొలువు సర్కారుది

జుక్కల్ సీమ నిజాము రాజ్యములో నున్న కాలమున, హింగోలి, ఔరంగాబాదు, బొల్లారము మొదలగు దండులలో నిలిచిన హైదరాబాదు కంటింజెంటు అశ్వదళములందు ‘సిలేదారీ’ యను పద్ధతి యుండెడిది.

• తుపాకియు మందుగుండును సర్కారువారి వైనను, గుఱ్ఱమును, జీనును, దుస్తులను సామాన్యుడైన రౌతు తానే సమకూర్చుకొని, తన జీతములోనుండియే ఆ గుఱ్ఱమును మేపుకొనవలసియుండెను.

• గుఱ్ఱమును కొను శక్తి లేక అన్యుని యశ్వము నెక్కి కొలువు చేయువానిని ‘బార్గీరు’ అనెడివారు.

• సాధారణముగా ఇద్దఱు రౌతులకు కలిపి ఒక తట్టువును, గడ్డి కోసి తెచ్చు పరిచారకు డొకడును ఉండెడివారు.

• 1903లో కంటింజెంటు భారత సైన్యమున విలీనమయ్యెను. దాని వారసత్వము గల 20వ డెక్కన్ హార్స్ దళము, 1916 జూలై 14న ఫ్రాన్సు దేశమున, సోమ్ యుద్ధములో, హైవుడ్ అను వనము చెంత బల్లెములు చేబూని శత్రువులపైకి దుమికెను.

• ఆ మొదటి ప్రపంచ మహాయుద్ధమున మడిసిన గుఱ్ఱములకు మారు గుఱ్ఱములను తెచ్చుట రౌతులకు అలవిగానిదగుటచే, యుద్ధానంతరము సిలేదారీ రద్దయ్యెను. నేటి డెక్కన్ హార్స్ రౌతులు నడపునవి ట్యాంకులు.