గౌట్ వ్యాధిగ్రస్తులు - ఆరోగ్య అక్షరాస్యత

ఈ భాగం చదివిన తరువాత మీరు గౌట్ ఎలా వస్తుందో, ఆ వ్యాధి ఉన్నవారు ఏ సమాచారాన్ని అర్థం చేసుకోవాలో వివరించగలుగుతారు.

వ్యాధి స్వభావం

శరీరంలో ప్యూరిన్లు అనే పదార్థాలు విచ్ఛిన్నమైనప్పుడు యూరిక్ ఆమ్లం ఏర్పడుతుంది. మూత్రపిండాలు దానిని తగినంతగా విసర్జించలేకపోతే రక్తంలో దాని స్థాయి పెరుగుతుంది. డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే అది సూదుల వంటి స్ఫటికాలుగా మారి కీళ్ళలో చేరవచ్చు. అప్పుడు హఠాత్తుగా, తరచు కాలి బొటనవేలి మొదట్లో, తీవ్రమైన నొప్పి, వాపు వస్తాయి. వరంగల్ ప్రాంతంలో చాలామంది దీనిని 'వాతం' అంటారు. మోకాళ్ళ అరుగుదలనూ అదే మాటతో పిలుస్తారు. ఈ రెండింటికీ చికిత్స వేరు.

మూడు స్థాయిలు

డాన్ నట్‌బీమ్ 2000లో ఆరోగ్య అక్షరాస్యతను మూడు స్థాయిలుగా వివరించాడు. వాటిని గౌట్‌కు అన్వయించి చూద్దాం.

1. క్రియాత్మక స్థాయి: మందుల చీటీ, రిపోర్టు చదివి అర్థం చేసుకోవటం. మాత్రలు వాడుతున్న ఒక రోగి రిపోర్టులో యూరిక్ ఆమ్లం 6.9 అని ఉందనుకోండి. పక్కన సాధారణ పరిమితి 7.2 వరకు అని అచ్చయి ఉంది. 'నార్మల్ వచ్చింది' అనుకుని ఆయన మాత్రలు మానేస్తాడు. కాని గౌట్ చికిత్సలో లక్ష్యం 6 కంటే తక్కువ. ఆ స్థాయిలో నిలిస్తే పాత స్ఫటికాలు క్రమంగా కరుగుతాయి.

2. పరస్పర స్థాయి: వైద్యునితో మాట్లాడి తెలుసుకోవటం. ఎం.జి.ఎం. ఆసుపత్రికైనా, బస్తీ దవాఖానకైనా వెళ్ళేముందు మూడు ప్రశ్నలు రాసుకోవాలి. ఈ మాత్ర నొప్పికా, యూరిక్ ఆమ్లం తగ్గించటానికా? ఎంతకాలం వాడాలి? మళ్ళీ పరీక్ష ఎప్పుడు? అల్లోప్యూరినాల్ మొదలుపెట్టిన తొలి నెలల్లో నొప్పి తిరిగి రావచ్చు. 'మందు పడలేదు' అని సొంతంగా మానకూడదు. ఒంటిపై దద్దుర్లు వస్తే మాత్రం వెంటనే ఆపి వైద్యుణ్ణి కలవాలి.

3. విమర్శనాత్మక స్థాయి: విన్న సలహాను తూచి చూడటం. 'పప్పు, పాలకూర మానెయ్యి' అని ఇరుగుపొరుగు చెబుతారు. అమెరికాలో 47 వేలకు పైగా పురుషులను 12 ఏళ్ళు గమనించిన ఒక అధ్యయనం 2004లో వెలువడింది. మాంసం, చేపలు, రొయ్యలు ఎక్కువగా తినేవారిలో గౌట్ ముప్పు పెరిగింది. ప్యూరిన్లు ఉన్న కూరగాయలతో పెరగలేదు. కల్లు చలువ చేస్తుందని కొందరు నమ్ముతారు. కాని అందులోనూ ఆల్కహాల్ ఉంటుంది.

ఎందుకు ముఖ్యం?

నొప్పి తగ్గినా స్ఫటికాలు కీళ్ళలోనే ఉంటాయి. చికిత్స ఆపితే కీళ్ళు దెబ్బతినవచ్చు, మూత్రపిండాల్లో రాళ్ళు ఏర్పడవచ్చు. నొప్పి వచ్చినప్పుడల్లా మెడికల్ షాపులో మాత్రలు కొని మింగటం మూత్రపిండాలకు మరింత హాని చేస్తుంది. చీటీలు, రిపోర్టులు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. ఇంట్లో వాటిని చదివి చెప్పేది తరచు మీవంటి విద్యార్థులే. అంకెను చదవటంతో ఆగక, దాని అర్థాన్ని కూడా పెద్దలకు వివరించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

గౌట్‌కు మందు వాడుతున్న వ్యక్తి రిపోర్టులో యూరిక్ ఆమ్లం 6.5 ఉంది, నొప్పి లేదు. ఆయనకు మీరు ఏమి చెబుతారు? కారణాలతో ఐదు వాక్యాలలో రాయండి.