విద్యాదానం: ఆలయ మండపంలో రక్తకణాల పాఠం

అన్నదానం ఆకలిని ఒక పూట తీరుస్తుందనీ, విద్యాదానం జీవితాంతం తోడుంటుందనీ మన పెద్దలు చెబుతూ వచ్చారు. కొత్తవలసలో ప్రతి ఆదివారం ఉదయ పూజ ముగిసిన పిమ్మట, ఆలయ మండపంలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు నేను జీవశాస్త్రం బోధిస్తున్నాను. ఆ తరగతిలో నేను చెప్పిన ఒక పాఠాన్ని, దానివల్ల నేను నేర్చుకొన్నదాన్ని మీకు విన్నవించుకొనుటకే ఈ వ్యాసం.

ముప్పై ఏళ్లు పాఠశాలలో అనువంశికత పాఠం చెప్పి పదవీ విరమణ చేసినవాడను. మెండెల్ బఠాణీ మొక్కలు, పొడవు, పొట్టి, నిష్పత్తులు అన్నీ పిల్లలచేత వల్లె వేయించాను. అది మన ఇళ్ల కథ అని మాత్రం ఏనాడూ చెప్పలేదు. ఆ లోపాన్ని నాకు చూపినది, కొండ ప్రాంతం నుండి వచ్చి ఇక్కడ వసతి గృహంలో చదువుకొంటున్న పదవ తరగతి బాలిక.

"మాస్టారూ, మా అప్ప కొడుక్కి సికిల్ సెల్ అని డాక్టరుగారు చెప్పారండి. అప్ప రక్తంలోనే దోషం ఉందని అత్తవారు అంటున్నారు. నిజంగా తప్పు అప్పదేనా అండి?" అని ఆమె అడిగింది. వెంటనే జవాబు చెప్పక, వచ్చే ఆదివారం అందరం కలిసి తేలుద్దామన్నాను.

మన ఊరినుండి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలు మార్గం అందరూ ఎరిగినదే. ఆ కొండల గిరిజన కుటుంబాలలో సికిల్ సెల్ రక్తహీనత ఉన్నది. రక్తానికి ఎరుపునిచ్చి, ప్రాణవాయువును దేహమంతటా మోసే పదార్థం హీమోగ్లోబిన్. దానిని తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం వంటి చిన్న మార్పు జరిగితే, గుండ్రంగా మెత్తగా ఉండవలసిన ఎర్ర రక్తకణం ప్రాణవాయువు తగ్గినప్పుడు కొడవలివలె వంగి బిరుసెక్కుతుంది. అట్టి కణాలు సన్నని రక్తనాళాలలో చిక్కుకొంటే భరింపరాని నొప్పి వస్తుంది. మామూలు కణం సుమారు 120 రోజులు జీవిస్తే, ఇది 10 నుండి 20 రోజులలోనే నశిస్తుంది. రక్తహీనత అందువల్లనే.

1910లో అమెరికాలో హెరిక్ అనే వైద్యుడు ఈ కణాలను తొలిసారి వర్ణించాడు. 1949లో లైనస్ పౌలింగ్ బృందం దోషం హీమోగ్లోబిన్ అణువులోనే ఉన్నదని నిరూపించింది. మన దేశంలో 1952లో నీలగిరి కొండల గిరిజనులలో దీనిని గుర్తించారు. ఇందులో ఒక విశేషం ఉన్నది. ఈ జన్యువు ఒక్కటే ఉన్నవారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. పైగా తీవ్రమైన మలేరియా నుండి వారికి కొంత రక్షణ లభిస్తుంది. మలేరియా ప్రబలిన ప్రాంతాలలో ఈ జన్యువు తరతరాలుగా నిలిచినది అందుచేతనే. అనగా ఇది ఎవరి పాపఫలమూ కాదు, శాపమూ కాదు. ఒకనాడు పూర్వీకుల ప్రాణాలు కాచిన కవచమే, జంటగా వచ్చినప్పుడు బిడ్డకు భారమైనది.

మరుసటి ఆదివారం మండపంలో రెండు చెంబులు పెట్టాను. ఒకటి తండ్రి, ఒకటి తల్లి. ఒక్కొక్కదానిలో రెండేసి చింతపిక్కలు వేసి, రెంటిలో ఒకదానికి సున్నపు చుక్క పెట్టాను. పిల్లలు వంతులవారీగా కళ్లు మూసుకొని ఒక్కొక్క చెంబునుండి ఒక్కొక్క పిక్క తీసి, లెక్క వ్రాసి, తిరిగి వేశారు. రెండూ చుక్కవైతే బిడ్డకు వ్యాధి. ఒక్కటే అయితే తల్లిదండ్రులవలె వాహకుడు. చుక్క లేకుంటే ఏదీ లేదు. వంద సార్లు తీయగా చుక్కలు రెండూ పడినవి నాలుగో వంతుకు దగ్గరగా, ఒక్కటే పడినవి సగానికి దగ్గరగా వచ్చాయి.

"మొదటి బిడ్డకు వస్తే తరువాతి ముగ్గురికీ రాదు కదండీ?" అని ఒక బాలుడు అడిగాడు. వ్రాసిన లెక్కనే చూడమన్నాను. వరుసగా రెండు సార్లు జంట చుక్కలు పడిన చోటు వానికే కనబడింది. ప్రతి కాన్పుకూ ఆ నాలుగో వంతు అవకాశం కొత్తగా ఉంటుందని గ్రహించాడు.

అంతవరకు మౌనంగా ఉన్న ఆ బాలిక, చుక్కలున్న రెండు పిక్కలనూ అరచేతిలో పెట్టుకొని, "ఇందులో ఒకటి నాన్న చెంబులోదే కదండీ" అన్నది. నేను ఇక చెప్పవలసినది ఏమీ మిగలలేదు. సెలవులకు ఇంటికి వెళ్లి వచ్చాక, బావ కూడా రక్తపరీక్ష చేయించుకొన్నాడని చెప్పింది.

పరీక్ష సులభమే. వేలినుండి తీసిన కొద్ది రక్తంతో తొలి పరీక్ష, అనుమానమున్నచో ప్రయోగశాలలో నిర్ధారణ. 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించవలెనని కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. హైడ్రాక్సీయూరియా అనే మందు వైద్యుల పర్యవేక్షణలో నొప్పి దాడులను తగ్గిస్తుంది. కొత్త రక్తకణాల తయారీకి తోడ్పడుటకు ఫోలిక్ ఆమ్లం మాత్రలు కూడా ఇస్తారు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ ప్రయోగశాల బృందానికి నాయకుడు, 1895లో భీమవరంలో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. ఈ మాట చెప్పినప్పుడు పిల్లల కన్నులలో కనబడిన వెలుగు వర్ణింపనలవి కాదు.

ఒక విన్నపం. మండపంలో మేము ఎవరి రక్తమూ తీయము, ఎవరి ఇంటి రోగమూ పేరుపెట్టి చర్చించము. అది వైద్యుల పని. ఒక దాత ఇచ్చిన సూక్ష్మదర్శినిలో సిద్ధపరచిన స్లైడులు చూపి, ప్రశ్న అడుగుట, లెక్క వ్రాయుట, ఆ లెక్క చెప్పినదాన్ని అంగీకరించుట నేర్పుతాము. మొక్కు చెల్లించుకొనుటకు వచ్చే భక్తులు మొక్కు చెల్లించుకోండి. వివాహానికి ముందు వధూవరులిద్దరికీ ఈ పరీక్ష కూడా చేయించండి. ఏ ఇంటనైనా బిడ్డ వ్యాధికి తల్లినొక్కదాన్ని నిందించే మాట వినబడితే, రెండు చెంబుల సంగతి ఆ ఇంటివారికి చెప్పండి. అది కూడా విద్యాదానమే.