చెలకలో దొరికిన గాజుగడ్డ: పిడుగుదా, కొలిమిదా?

ఉత్తర తెలంగాణ చెలకల్లో నాగలికి తగిలే నల్లటి గడ్డ ఒకటుంటుంది. బుడగలు బుడగలుగా, ఒక పక్క నిగనిగలాడుతూ కనిపిస్తుంది. అది పిడుగు పడి కరిగిన మట్టేనన్న అనుమానాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. 2025 జూన్‌లో ఆదిలాబాద్ జిల్లాలో ఒక్కరోజే ఆరుగురిని పిడుగులు బలితీసుకున్నాయి. పిడుగు దిగినచోట మట్టి కరిగి గాజుగా మారడమూ నిజమే. శాస్త్రవేత్తలు దాన్ని ఫల్గురైట్ అంటారు. కానీ ఇదే నేల శతాబ్దాలపాటు ఇనుము తీసిన నేల కూడా. 2010లో బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్, వరంగల్ జిల్లాల్లో తిరిగి పాత కొలుముల ఆనవాళ్లను నమోదు చేశారు. ఆ కొలుములు వదిలిన ఇనుప చిట్టెం కూడా నల్లగా, బుడగలతోనే ఉంటుంది. అందుకే రూపం చూసి తీర్పు చెప్పడం తప్పు. గడ్డ లోపలి ఖనిజాలనే అడగాలి.

కరీంనగర్ చెలక మట్టి చాలావరకు గ్రానైటు శిథిలమై ఏర్పడింది. అందులో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, కొద్దిపాటి జిర్కాన్ రేణువులు ఉంటాయి. ఫెల్డ్‌స్పార్ ముందే కరుగుతుంది, క్వార్ట్జ్ కరగాలంటే సుమారు 1,700 డిగ్రీల సెల్సియస్ కావాలి. గాలిలో పిడుగు దారి దాదాపు 30,000 డిగ్రీలకు కాగుతుంది. నేలలో అంత వేడి చేరకపోయినా క్వార్ట్జ్‌ను కరిగించడానికి సరిపోతుంది. కరిగింది మళ్లీ స్ఫటికాలు కట్టే వ్యవధి లేకుండానే చల్లారిపోతుంది. అలా మిగిలిన దాదాపు శుద్ధ సిలికా గాజే లెషాటెలిరైట్. జిర్కాన్ కూడా ఇంచుమించు ఆ వేడిలోనే విడిపోయి జిర్కోనియం ఆక్సైడ్‌గా మారుతుంది. ఇనుము తీసే కొలిమి మాత్రం 1,200, 1,300 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. అందుకే చిట్టెంలో ఫయలైట్ అనే ఇనుప సిలికేటు స్ఫటికాలు వరుసలు వరుసలుగా పేరుకుంటాయి.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ఇనుము, సున్నం, బూడిదలోని క్షారాలు కలిస్తే సిలికా తక్కువ వేడికే కరుగుతుంది కదా, కొలిమిలోనూ గాజు పుడుతుంది కదా అని అడగవచ్చు. పుడుతుంది. అయితే అది ఆ పదార్థాలన్నీ కలిసిన గాజు. పిడుగు గాజులో అలా కలిసిపోయే సమయమే ఉండదు కాబట్టి ఒక్కో క్వార్ట్జ్ రేణువు తానున్నచోటే కరిగి, పక్కనున్న గోధుమరంగు గాజులో తెల్లటి చుక్కగా నిలుస్తుంది. నా దృష్టిలో అన్నింటికంటే బలమైన సాక్ష్యం ఇదే. లోహపు పూసలు కనిపిస్తే కొలిమిదేనన్న వాదన కూడా నిలవదు. అమెరికాలోని మిచిగన్‌లో దొరికిన ఫల్గురైట్‌లో ఇనుము సిలికాన్‌తో కలిసిన లోహపు పూసలున్నట్టు 1986లోనే ప్రచురితమైంది. బొగ్గు కొలిమిలో ఇనుము ఏర్పడుతుంది గాని, సిలికాన్‌ను దాని ఆక్సిజన్ నుంచి విడదీసేంత తీవ్రత అక్కడ ఉండదు.

ఈ పరీక్షకూ ఒక హద్దుంది. ఆదిలాబాద్ పడమటి వైపు రేగడి మట్టి నల్లరాయి (బసాల్టు) నుంచి వచ్చింది. ఆ రాతిలో క్వార్ట్జ్ లేనట్టే. అక్కడ పిడుగు మట్టిని కరిగించినా లెషాటెలిరైట్ కనిపించకపోవచ్చు. కనుక అది లేదని పిడుగును కాదనలేం. ధర్మపురి, మంచిర్యాల దగ్గరి గోదావరి ఇసుకలో క్వార్ట్జ్ పుష్కలం. అక్కడ బోలు గొట్టంలాంటి గాజు ఏర్పడే అవకాశం ఉంది, కానీ ఆ పెళుసు గొట్టం వరదకు నిలవడం కష్టం. కాబట్టి వెతకడానికి అనువైనవి కదలని చెలకలు, గ్రానైటు గుట్టల నెత్తులు. అనుమానం వచ్చిన గడ్డను పలుచగా కోసి, రెండు ధ్రువణ ఫలకాలు అడ్డంగా పెట్టిన సూక్ష్మదర్శిని కింద చూస్తే గాజు పూర్తిగా నల్లబడుతుంది, కరగని క్వార్ట్జ్ మెరుస్తుంది. చిట్టెమని తేలినా దాన్ని పారేయకండి. లోపల చిక్కుకున్న చిన్న బొగ్గు తునక ఉంటే, ఆ కొలిమి ఏ కాలంలో మండిందో కార్బన్ పరీక్షతో లెక్కగట్టవచ్చు.