పెరడు లేని ఇంట్లో మిరప చెట్టు: డబుల్ బెడ్‌రూం ఇళ్ల లబ్ధిదారుల కోసం



కొత్త ఇల్లు ఎట్లుందని అడిగితే చాలామంది బాగుందనే చెప్తారు. రెండు పడక గదులు, హాలు, వంటిల్లు, రెండు మరుగుదొడ్లు, మొత్తం 560 చదరపు అడుగులు. తర్వాత జర ఆగి ఒక మాట కలుపుతారు: "అన్నీ ఉన్నయ్ సార్, పెరడే లేదు." పాత ఇల్లు రేకులదైనా, గుడిసైనా వెనక జానెడు జాగ ఉండేది. అందులో రెండు మిరప చెట్లు, ఒక బీరపాదు. పచ్చిపులుసు చేసుకుందామంటే నాలుగు కాయలు తెంపుకొచ్చి కాల్చుకునేటోళ్లు. మూడో అంతస్తుకు వచ్చినంక ఆ నాలుగు కాయలకు కూడా కిందికి దిగి కొనుక్కోవాల్సి వస్తున్నది.

బాల్కనీలో మిరప బాగానే కాస్తది. ఎట్లా అన్నది చెప్పడానికే ఈ పీడీఎఫ్. ఇది మంజూరు పత్రం కాదు. దీనికి దరఖాస్తు లేదు, ఫీజు లేదు. దీన్ని చూపించి "కుండీల స్కీములో పేరు రాయిస్త, ఇంత ఇయ్యి" అని ఎవరన్నా వస్తే ఒక్క రూపాయి కూడా ఇయ్యకండి.

ముందు ఎండ చూసుకోండి

మిరపకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. అంతకంటే తక్కువైతే చెట్టు పొడుగ్గా సాగుతది, పూత నిలవదు. బకెట్ కొనకముందే ఒక సెలవు రోజు బాల్కనీలో ఎండ ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో గమనించండి. తూర్పు, దక్షిణం వైపు బాల్కనీలు మంచివి. పడమర వైపు అయితే వేసవిలో మధ్యాహ్నం ఎండ మరీ గట్టిగా తగులుతుంది, నీడ కట్టాల్సి వస్తుంది. ఉత్తరం వైపు ఉన్నవాళ్లు మోసపోయేది ఇక్కడే. మే, జూన్ నెలల్లో మన ప్రాంతంలో సూర్యుడు కొంచెం ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి ఆ బాల్కనీలో కూడా ఎండ కనపడుతుంది. అది చూసి మొక్క పెడితే, కాపు కాసే చలికాలంలో అక్కడ ఎండే ఉండదు. అట్లాంటి ఇంటివాళ్లు పుదీన పెట్టుకోవడం మేలు.

మట్టి దగ్గరే చాలామంది ఓడిపోతారు

నేనూ ఓడిపోయిన. ఆదిలాబాద్‌లో ఉన్నప్పుడు పక్క చేనులోంచి నల్లరేగడి మట్టి తెచ్చి కుండీ నింపిన. పత్తి పండే నేల, బలమైన మట్టి కదా అనుకున్న. చేనులో బలమే, కుండీలో కాదు. నీళ్లు పోస్తే బంకలాగా ముద్దయింది, ఆరితే రాయిలాగా పగిలింది. ఆ పగుళ్లకు వేర్లు తెగిపోయి మూడు మొక్కలు నెల తిరక్కుండానే పోయినయ్.

చల్క మట్టి, అంటే ఎర్రమట్టి తీసుకోండి. రెండు తట్టల ఎర్రమట్టికి ఒక తట్ట బాగా మాగిన పశువుల పెంట లేదా వర్మీకంపోస్టు, ఒక తట్ట వరి ఊక కలపండి. ఊక ఉంటే మట్టి గుల్లగా ఉంటది, వేర్లకు గాలి ఆడుతుంది. దుకాణంలో కొబ్బరి పొట్టు దిమ్మలు అమ్ముతారు, అవీ పనిచేస్తాయి. కానీ కరీంనగర్, పెద్దపల్లి వైపు రైస్ మిల్లులకు కొదవ లేదు, ఊక దొరకడం కష్టం కాదు. నల్లరేగడి తప్ప వేరే దిక్కు లేకపోతే సగానికి సగం ఊక, పెంట కలిపి వాడండి. పచ్చి పెంట మాత్రం వద్దు, వేడికి వేరు మాడిపోతుంది.

కుండీ కొనాల్సిన పని లేదు. 20 లీటర్ల పాత పెయింట్ బకెట్ ఒక్క మిరప చెట్టుకు సరిగ్గా సరిపోతుంది. పెయింట్ ఆనవాలు లేకుండా గీకి కడగాలి, అడుగున చిటికెనవేలు పట్టేన్ని ఐదారు రంధ్రాలు చేయాలి. ఒక బకెట్‌కు ఒకటే మొక్క. రెండు పెడితే రెండింటికీ కడుపు నిండదు.

విత్తనం, నారు

వానలు మొదలయ్యాక జూన్, జూలైలో విత్తనం వేయడం మంచిది. అడుగున రంధ్రం చేసిన టీ కప్పుల్లో అర అంగుళం లోతున గింజ పెడితే వారం, పది రోజుల్లో మొలక వస్తుంది. 35 నుంచి 40 రోజులకు మొక్క జానెడు అవుతుంది, అప్పుడు సాయంత్రం పూట బకెట్‌లోకి మార్చాలి. నాటిన రెండు నెలలు దాటాక పచ్చిమిర్చి చేతికొస్తుంది. ఈ ఓపిక లేకపోతే నర్సరీలో నారు కొనుక్కోండి, తప్పేమీ లేదు.

కిరాణా ఎండుమిర్చి గింజలు కూడా మొలుస్తాయి. కానీ అవి హైబ్రిడ్ పంటవైతే తల్లి చెట్టు లాంటి కాయ రాదు. కుండీకి పూసా జ్వాల అనువైనది, చెట్టు గుబురుగా, తక్కువ ఎత్తులో పెరుగుతుంది, కాయ పొడుగ్గా ముడతలతో ఉంటుంది. గుంటూరు లాం పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎల్‌సీఏ రకాలు కారం కోరుకునేవాళ్లకు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాట కాయ లావుగా, ఎర్రగా ఉంటుంది, కారం తక్కువ. రంగు కోసం ఒక చెట్టు పెట్టుకోవచ్చు గానీ తొక్కుకు దాంతో తృప్తి ఉండదు.

నీళ్లు ఎంత?

చూపుడువేలు రెండు గణుపుల దాకా మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. పొడిగా ఉంటే అడుగు నుంచి కారేదాకా పోయండి. బియ్యం కడిగిన నీళ్లు పోయొచ్చు. పోసేది పొద్దున పోయండి, రాత్రంతా ఆకు తడిగా ఉంటే తెగుళ్లు వస్తాయి. పదిహేను రోజులకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు వేస్తే చాలు. యూరియా వేస్తే ఆకు నల్లగా నిగనిగలాడుతుంది, కాయ కనపడదు.

బకెట్ కింద పళ్లెం పెట్టేవాళ్లు జర జాగ్రత్త. అందులో నిలిచిన నీళ్లలోనే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి తప్పనిసరిగా పళ్లెం ఒంపేసి, గుడ్డతో రుద్ది తుడవాలి. మిరప కోసం పిల్లలకు జ్వరం తెచ్చుకోవద్దు.

మన ఎండ, మన చలి

మన దగ్గర వేసవిలో 45 డిగ్రీలు దాకా పోతుంది. 35 దాటితేనే మిరప పూత రాల్చడం మొదలుపెడుతుంది. అది రోగం కాదు, మందు కొట్టకండి. ఏప్రిల్, మే నెలల్లో కాయ ఆశ వదిలేసి చెట్టును బతికిస్తే చాలు. కొమ్మలను సగానికి కత్తిరించి, మట్టి మీద ఎండుటాకులు పరిచి, మధ్యాహ్నం పాత చీర అడ్డం కట్టండి. తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. మిరప ఒక్క ఏడాదితో చచ్చే చెట్టు కాదు, కాపాడితే రెండో ఏడు కూడా కాస్తది.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు ఇంకో కష్టం చలి. డిసెంబర్, జనవరిలో రాత్రి పది డిగ్రీల కిందికి దిగుతుంది. చెట్టు ఎదగక నిలిచిపోతుంది, కాయ పండటానికి రోజులు పడుతుంది. బకెట్లను గోడకు ఆనించి పెడితే పగలు వేడెక్కిన గోడ రాత్రి కొంత కాపాడుతుంది.

ఆకు ముడుచుకుంటే

ఆకు పైకి ముడుచుకుని దోనెలాగా అయితే తామర పురుగు. కిందికి ముడుచుకుని కాడ పొడుగైతే నల్లి. రెండూ కంటికి ఆనవు. పువ్వును తెల్ల కాగితం మీద దులిపితే సన్నగా పాకేవి కనపడతాయి. 2021–22లో ఉమ్మడి వరంగల్, ఖమ్మం మిర్చి రైతులను ముంచిన నల్ల తామర పురుగు కూడా పువ్వులోనే దాక్కునేది. లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం ఆకు అడుగున తడిచేటట్టు కొట్టండి, వారానికోసారి. చేనుకు కొట్టే మందు బాల్కనీలోకి తేవద్దు. పక్కనే మీ బట్టలు ఆరుతుంటయ్, పిల్లలు ఆడుతుంటరు. చెట్టంతా గిడసబారి, ఆకులు చిన్నగా పసుపుగా గుత్తి కడితే అది వైరస్. దానికి మందు లేదు. పీకేసి చెత్త బండిలో వేయండి, లేకపోతే తెల్లదోమ పక్క చెట్టుకు అంటిస్తుంది.

బరువు, కింది ఇంటివాళ్లు

ఇల్లు ఇల్లాలి పేరు మీద ఇచ్చినా, మీ బాల్కనీ స్లాబు కింది వాళ్లకు పైకప్పు. తడిసిన మట్టితో ఒక్కో బకెట్ పాతిక కిలోల దాకా తూగుతుంది. నాలుగు బకెట్లు చాలు, అవి కూడా ఇంటి గోడ వైపే పెట్టండి. బయటి అంచున బరువు పెడితే స్లాబు మీద ఒత్తిడి పెరుగుతుంది. పిట్టగోడ మీద, రెయిలింగ్‌కు వేలాడేటట్టు ఏదీ పెట్టొద్దు. కింద పిల్లలు తిరుగుతరు, చిన్న కుండీ అయినా మూడో అంతస్తు నుంచి పడితే ప్రాణం పోతుంది. కోతుల బెడద ఉన్నచోట ఇది మరీ ముఖ్యం, అవి గుంజి కింద పడేస్తాయి.

నీళ్ల కాడ గొడవలు ఎక్కువ. "అక్కా, మీ మట్టి నీళ్లు మా బట్టల మీద పడ్తున్నయ్" అన్న మాటతో మొదలై మాటలు బంద్ అయిన ఇళ్లు చూసిన. బకెట్లను రెండు ఇటుకల మీద పెట్టి, కారిన నీళ్లు బాల్కనీ గొట్టంలోకి పోయేటట్టు చూసుకోండి. తొలి కాపులో గుప్పెడు కాయలు కింది ఇంటికి ఇవ్వండి, సగం గొడవ అక్కడే తీరుతుంది.

ఎన్ని కాయలు వస్తాయి?

ఒక్కో చెట్టు సీజనంతా కలిపి అర కిలో అటూ ఇటూ ఇస్తుందనుకోండి. నాలుగు చెట్లుంటే తొక్కుకు, పచ్చిపులుసుకు, పోపుకు తరచూ చేతికందుతాయి. ఏడాదికి సరిపడా కారప్పొడి మాత్రం రాదు. కిలో ఎండుమిర్చికి నాలుగు కిలోల దాకా పండు మిర్చి ఎండాలి. ఆ లెక్కకు బాల్కనీ చాలదు, ఎవరన్నా చాలుతుందని చెప్తే నమ్మకండి. పచ్చిగా ఉన్నప్పుడే తరచూ తెంపితే చెట్టు మళ్లీ మళ్లీ పూస్తుంది. కాయను గుంజకుండా కాడతో సహా కత్తెరతో కోయండి.

తెంపినంక చేతులకు మొదట కాస్త నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగండి. కారం నూనెలో కరుగుతుంది, ఉత్త నీళ్లకు పోదు. కారం గింజలో కన్నా దాన్ని పట్టుకునే తెల్ల ఈనెలోనే ఎక్కువ ఉంటుంది. చంటిపిల్ల తల్లులు ఇది మరవొద్దు.

ఇంకా అనుమానాలుంటే

కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో అడగొచ్చు. దగ్గర్లో ఉన్నవాళ్లు జమ్మికుంట, రామగిరిఖిల్లా, బెల్లంపల్లి, ఆదిలాబాద్ కృషి విజ్ఞాన కేంద్రాలకు, జగిత్యాల పొలాస పరిశోధన స్థానానికి నేరుగా పోయి చూపించుకోవచ్చు. పోయేటప్పుడు ముడుచుకున్న కొమ్మను మూతి కట్టిన కవర్‌లో పెట్టుకుని పోండి.