పైకి గాయమేదీ లేదు గదా!

మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని సన్నిధికి చెవులు కుట్టించుటకై తెచ్చిన పసికందులను చూచినప్పుడెల్ల, ఆ లేత మెడ అంత తలను ఎట్లు మోయుచున్నదో యని నాకు విస్మయము కలుగును. శిశువు దేహపు పొడవులో నాలుగవ వంతు శిరస్సే గదా!

చంటిబిడ్డ జ్వరము లేకయే వాంతులు చేసికొని, పాలు త్రాగక, సోలిపోయి, ఫిట్సు వచ్చినప్పుడు దివిసీమలో మొదట వినబడునవి దిష్టియు పక్షిదోషమును. తలకేమైన తగిలెనా యని యడిగినచో "పైకి గాయమేదీ లేదు గదా" యందురు. ఇంతకన్న ప్రమాదకరమైన అపోహ లేదు. ఏడుపు మానని బిడ్డను ఎవరైన చంకల క్రింద పట్టుకొని కోపముతో బలముగా కుదిపినచో, మెత్తని మెదడు కపాలములో అటునిటు కదలి, పైనున్న సన్నని సిరలు తెగి, లోలోపలనే నెత్తురు చేరును. తలపై బొప్పియైన నుండకపోవచ్చును. మాడు ఉబ్బి బిగిసియుండుటయు, ఇంకను బోర్లపడని బిడ్డకు చెవిపైననో చెంపపైననో కమిలిన మచ్చ యుండుటయు ఉపేక్షింపదగినవి కావు. కంటి లోపలి నెత్తురు కంటివైద్యుడు చూచినగాని తెలియదు.

1946లో అమెరికా వైద్యుడు జాన్ కాఫీ, మెదడు చుట్టు నెత్తురు చేరిన ఆరుగురు శిశువులకు ఎముకలును విరిగియుండుట వెల్లడించెను. కుదుపే ఇందుకు కారణము కావచ్చునని 1971లో ఆంగ్ల శస్త్రవైద్యుడు గుత్‌కెల్చ్ వ్రాసెను.

అట్లని చీర ఉయ్యాల ఊపిన అమ్మమ్మను నిందింపరాదు. అవనిగడ్డ నుండి బందరుకు గతుకుల బాటలో తల్లి యొడిలో వచ్చిన బిడ్డకు ఆ గతుకులచే ఇట్టి గాయము కలుగదు. మంచముపై నుండి పడినచో సామాన్యముగా బొప్పి కట్టును, అరుదుగా ఎముక చిట్లును. ఆ కారణము చెప్పి ఇంత పెద్ద గాయమును కప్పిపుచ్చుట తరచు జరుగునది.

"కన్నవారట్లు చేయుదురా?" దుర్మార్గులే చేయుదురనుకొనుట పొరబాటు. రెండవ నెల ప్రాంతమున శిశురోదనము పరాకాష్ఠనందును; నిద్రలేని తండ్రియో, ఒంటరి తల్లియో క్షణకాలము తన్ను తాను మరచుటయు కలదు. అయినను నెత్తురు కనబడినంతనే గుడివాడ అరుగులపై తీర్పు చెప్పరాదు: పుట్టినప్పుడు విటమిన్ కె సూది వేయని బిడ్డలకు, నెత్తురు గడ్డకట్టని వ్యాధులున్నవారికి, ఎవరును చేయి వేయకయే మెదడులో రక్తస్రావము కావచ్చును. రక్తపరీక్షయు స్కానును అందులకే.

ఏడుపు సహింపరానిదైనప్పుడు బిడ్డను వెల్లకిల పరుండబెట్టి, పది నిమిషములు వసారాలోనికి పోయి నిలుచుట నేరము కాదు. కుదిపియే యుండినచో 108కు పిలిచి, వైద్యునితో ఆ మాట దాచక చెప్పవలెను. పాలు అరుగలేదని చెప్పినచో ఆయన కడుపునకే మందిచ్చును.