వేరు బుడిపెలో ఎర్రదనం

మాఘమాసానికి పెరట్లో జనుము నడుమెత్తు ఎదిగి పసుప్పచ్చగా పూతకొస్తుంది. వసంతంలో బీర, సొర, బెండ పెట్టదలచిన మడిలో దాన్ని కోసి మట్టిలో కలపడానికి అదే అదను. కలిపే ముందు ఒక్క మొక్కను పారతో మట్టిగడ్డతో సహా పెళ్లగించి నీళ్లలో మెల్లగా జాడించండి. చేత్తో పీకితే అసలు సంగతి నేలలోనే తెగిపోతుంది. వేళ్లనిండా చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల లేత ఎరుపు!

ఆ రంగు లెగ్‌హిమోగ్లోబిన్‌ది. మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌కు అది దగ్గరి చుట్టం, రెండింటిలోనూ ఇనుము ఉంటుంది. బుడిపెలో కాపురముండే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మారుస్తుంది. ఆ పనిచేసే ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే చేటు. బాక్టీరియా బతకాలంటే మాత్రం ఆక్సిజన్ ఉండాల్సిందే. ఈ చిక్కును విప్పేది ఆ ఎరుపే. ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, కావలసినంతే అందిస్తుంది.

గాలిలో 78 శాతం నత్రజనే అయినా ఏ మొక్కా దాన్ని నేరుగా వాడుకోలేదు. ఫ్యాక్టరీలో అమ్మోనియా చేయాలంటే 400 డిగ్రీల పైచిలుకు వేడి, విపరీతమైన పీడనం కావాలి. జనుము వేరు అదే పనిని చలికాలపు మట్టిలో చడీచప్పుడూ లేకుండా చేసేస్తుంది. పెరట్లో ఇంతకన్నా పెద్ద వింతను నేనెరగను.

ఈ పొత్తు కుదిరే తీరూ ముచ్చటైనదే. వేరు మట్టిలోకి ఫ్లేవనాయిడ్లను వదులుతుంది. సరిపడే బాక్టీరియా వాటిని పసిగట్టి తన సంకేతాన్ని పంపుతుంది. వెంటనే వేరునూగు కొస వంకీ తిరిగి బాక్టీరియాను పొదివి పట్టుకుంటుంది. ఆపైన మొక్క చక్కెర పెడుతుంది, బాక్టీరియా నత్రజని ఇస్తుంది. 1888లో జర్మనీలో హెల్‌రీగెల్, విల్ఫార్త్ అనే శాస్త్రవేత్తలు బుడిపెల మర్మాన్ని ప్రయోగాలతో వెల్లడించారు. కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందే చేలో చల్లే జనుము, పిల్లిపెసరలు పశువులకు మేతా, నేలకు సత్తువా అయ్యేది ఈ పొత్తువల్లే.

పూత రాగానే కోయాలి. ముదిరితే కాండం నారెక్కి ఓ పట్టాన చివకదు. ముక్కలు చేసి తడిమట్టిలో కలిపి రెండు మూడు వారాలు ఆగండి. పచ్చిరొట్ట కుళ్లుతున్న మట్టిలో లేత వేళ్లు నిలవలేవు. ఆ వ్యవధిలో బూజులు, బాక్టీరియా, వానపాములు తమ పని కానిస్తాయి. పిడికెడు మట్టి తీసి నలిపి చూడండి. ఈనెలు ఇంకా చేతికి తగులుతుంటే మరో వారం ఓపిక పట్టి, ఆ తర్వాతే బీర పాదులు చేయండి.